ఐదు ఎంజీ మాత్ర ఎక్కడి నుంచి వచ్చింది?

గర్భిణికి ఫోలిక్ యాసిడ్ అనే బీ విటమిన్ 5 ఎంజీ వేయాలా, 400 మైక్రోగ్రాములు చాలా? కావలి, కనిగిరి వైపు మందుల షాపుల దగ్గర ఈ వాదన మళ్లీ లేచింది. స్ట్రిప్ వెనక 5 ఎంజీ అని ఉంటే అది 5,000 మైక్రోగ్రాములు, పన్నెండున్నర రెట్లు. కోడలి చేతిలో అది చూసి అత్తగారు బెదిరితే తప్పు పట్టలేం.

ఫోలిక్ యాసిడ్ వెనక మన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారి కృషి అందరికీ తెలిసిందే. ఈ గొడవకు మొదలు మాత్రం 1991. బ్రిటన్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ 7 దేశాల్లో, 33 కేంద్రాల్లో జరిపిన పరీక్ష ఫలితం ఆ ఏడాదే బయటికొచ్చింది. మెదడు, వెన్నుపాము సరిగా ఏర్పడని బిడ్డను అంతకుముందే మోసిన తల్లుల్లో కొందరికి రోజూ 4 ఎంజీ ఫోలిక్ యాసిడ్ ఇచ్చారు, కొందరికి ఇవ్వలేదు. లోపం మళ్లీ కనిపించిన 27 గర్భాల్లో ఫోలిక్ యాసిడ్ వేసుకున్నవాళ్లవి 6, వేసుకోనివాళ్లవి 21. మందు ఇంత స్పష్టంగా పనిచేస్తుంటే కొందరికి ఇవ్వకుండా ఉంచడం తప్పని పరీక్షను మధ్యలోనే ఆపేశారు.

4 ఎంజీ మాత్ర మన షాపుల్లో మామూలుగా దొరకదు, 5 దొరుకుతుంది. అలా ఆ తల్లుల మోతాదు తొలిచూలు ఆడపిల్లలందరికీ అలవాటైంది. ముందు బిడ్డకు ఆ లోపం ఉన్నా, షుగర్ ఉన్నా, మూర్ఛకు మందులు వాడుతున్నా డాక్టరు 5 రాస్తారు, అది మానకూడదు. ఇలాంటి ప్రత్యేక కారణమేదీ లేనివాళ్లకు 400 చాలు. ‘ఎక్కువైంది మూత్రంలో పోతుందిలే’ అనేవాళ్ల మాట చాలావరకు నిజమే. కానీ బీ12 విటమిన్ తక్కువున్న మనిషిలో పెద్ద మోతాదు రక్తహీనతను సర్దేసి, నరాలకు జరిగే నష్టాన్ని కప్పిపెడుతుంది.

ఆ పరీక్షలో మోతాదు కన్నా ముఖ్యమైన సంగతి ఇంకోటుంది: మాత్ర మొదలుపెట్టింది గర్భం రాకముందే. పిండంలో వెన్నుపాము అయ్యే గొట్టం 28వ రోజుకల్లా మూసుకుపోతుంది. నెల తప్పిందని తెలిసేసరికే అందులో సగం రోజులు గడిచిపోతాయి. ఆశా కార్యకర్త పేరు రాసుకుని, ఏఎన్‌ఎం కార్డు ఇచ్చేలోపు మిగతా సగమూ అయిపోతుంది. పనులకు బెంగళూరు, హైదరాబాద్ వెళ్లి మూడో నెలలో ఊరికొచ్చే పశ్చిమ ప్రకాశం ఆడపిల్లల సంగతి చెప్పక్కర్లేదు. అప్పుడు 5 వేసినా 50 వేసినా మూసుకోని గొట్టం మూసుకోదు. రక్తం పట్టడానికి ఫోలిక్ యాసిడ్ అప్పటికీ అవసరమే, అందుకే నాలుగో నెల నుంచి ఇచ్చే ఎర్ర మాత్రలో 60 ఎంజీ ఐరన్‌తో పాటు 500 మైక్రోగ్రాములు ఉంటుంది. బిడ్డ వెన్ను కోసమైతే 400 మాత్ర గర్భం రావడానికి కనీసం నెల ముందు మొదలై, మూడో నెల నిండేదాకా రోజూ పడాలి.