వ్యాక్సిన్ ఏ సెల్‌కి చేరాలి? ఈ ప్రశ్న వెనకున్న కథ

ఈ మధ్య వ్యాక్సిన్ల మీద ఏ వార్త చూసినా "ఫలానా ఇమ్యూన్ సెల్‌ని టార్గెట్ చేసే వ్యాక్సిన్" అని వస్తోంది, అదేదో నిన్న మొన్న పుట్టిన ఐడియా అన్నట్టు. హైదరాబాద్‌లో ఈ మాట ఇంకాస్త ఎక్కువే వినపడతది, శామీర్‌పేట దాటితే వ్యాక్సిన్, బయోటెక్ కంపెనీల అడ్డా జీనోమ్ వ్యాలీ, ఏ అపార్ట్‌మెంట్‌లో చూసినా ఫార్మాలోనో బయోటెక్‌లోనో పనిచేసేవాళ్ళు ఒక్కరైనా ఉంటరు. కానీ ఈ కథకి 150 ఏళ్ళు దాటాయి, అందులో చాలా భాగం తెలియకుండానే నడిచింది. వ్యాక్సిన్ పనిచేస్తోంది, ఒంట్లో దాన్ని ఏ సెల్ అందుకుంటోందో మాత్రం తయారుచేసినవాళ్ళకే తెలియదు.

కుక్క కరిస్తే నారాయణగూడ ఐపీఎంకో నల్లకుంట ఫీవర్ హాస్పిటల్‌కో పోయినవాళ్ళకి ఒకటి గుర్తుండాలి. పాతకాలంలో బొడ్డు చుట్టూ 14 సూదులు, గొర్రె మెదడు నుంచి తీసిన వ్యాక్సిన్, దానివల్ల కొందరికి నరాల సమస్యలు కూడా వచ్చేవి, మన దేశంలో అది 2005 నాటికి ఆగిపోయింది. ఇప్పుడు గవర్నమెంట్ ఆస్పత్రుల్లో వేసేది చర్మం లోపలి పొరలో. సన్న సూదిని దాదాపు పడుకోబెట్టి గుచ్చుతరు, 0.1 ఎంఎల్ మందు, అంతే, కందిగింజంత ఉబ్బు తేలాలి, తేలకపోతే సూది లోతుకి పోయిందని అర్థం, మళ్ళీ పక్కన వేయాల్సిందే. రెండు చేతులకి ఒక్కోటి, 0, 3, 7, 28 రోజుల్లో. మొత్తం కలిపితే 0.8 ఎంఎల్. కండకి వేసే పద్ధతిలో ఒక్క డోసుకే 0.5 లేదా 1 ఎంఎల్ పడతది. ఇంత తక్కువ మందుతో అంతే రక్షణ ఎట్లా వస్తోంది అంటే చర్మంలో కాపలా కాసే సెల్స్ కండలో కంటే చాలా ఎక్కువ కాబట్టి. 2006లో మన దేశం ఈ పద్ధతికి ఓకే చెప్పింది ముఖ్యంగా ఖర్చు తగ్గించడానికే, కానీ జరిగింది మాత్రం అచ్చంగా సెల్ టార్గెటింగే, ఆ పేరు ఎవరూ పెట్టలేదు గానీ.

ఆ చర్మం సెల్స్‌ని మొదట చూసింది పాల్ లాంగర్‌హన్స్, 1868లో, బెర్లిన్‌లో, అప్పటికి ఇంకా మెడికల్ స్టూడెంట్. కొమ్మలు కొమ్మలుగా ఉన్నాయని వాటిని నరాల సెల్స్ అనుకున్నడు. అవి ఇమ్యూన్ సెల్స్ అని తేలడానికి ఇంకో వందేళ్ళు పట్టింది. 1973లో న్యూయార్క్ రాక్‌ఫెల్లర్ యూనివర్సిటీలో రాల్ఫ్ స్టైన్‌మన్, జాన్విల్ కోన్ కలిసి ఎలుక ప్లీహంలో ఇలాంటి కొమ్మల సెల్స్‌నే పట్టుకుని డెండ్రిటిక్ సెల్స్ అని పేరు పెట్టారు. చాలా ఏళ్ళు ఎవరూ పెద్దగా నమ్మలేదు, అవి ఉండేదే పిసరంత, ఇమ్యూనిటీని లేపే పని క్రిముల్ని మింగే మాక్రోఫేజ్‌లదే అని అందరి పట్టు. ఇవి చేసేది పోలీసు ఇన్‌ఫార్మర్ పని. వైరస్ ముక్కని పట్టుకుని దగ్గర్లోని లింఫ్ నోడ్‌కి పోయి అక్కడున్న టీ సెల్స్‌కి (క్రిములతో పోరాడే ఇమ్యూన్ సెల్స్) చూపించి "వీడే" అని చెప్తయి. కోవిడ్ టీకా వేయించుకున్నాక కొంతమందికి చంకలో బిళ్ళ కట్టింది చూడండి, ఆ హడావిడి అక్కడ జరిగేదే.

స్టైన్‌మన్ కథ చివర చాలా బాధ కలిగిస్తది. 2007లో ఆయనకి పాంక్రియాస్ క్యాన్సర్ అని తేలింది, తన డెండ్రిటిక్ సెల్స్‌తోనే తయారుచేసిన వ్యాక్సిన్లు మిగతా ట్రీట్‌మెంట్‌తో పాటు తన మీదే ప్రయోగించుకున్నడు, నాలుగేళ్ళకి పైగా బతికిండు, వాటివల్లేనా అంటే ఒక్క మనిషిని చూసి చెప్పలేం. 2011 సెప్టెంబర్ 30న పోయిండు, అక్టోబర్ 3న నోబెల్ ప్రకటించారు, కమిటీకి ఆయన చనిపోయిన సంగతే తెలియదు. చనిపోయినవాళ్ళకి ఇవ్వకూడదనేది రూల్, అయినా తెలియక ఇచ్చాం కాబట్టి ఇచ్చింది ఇచ్చినట్టే అన్నారు.

నన్నడిగితే ఈ మొత్తం చరిత్రలో అసలు మలుపు నోబెల్ కాదు, 2001, 2002లో అదే రాక్‌ఫెల్లర్‌లో ఎలుకల మీద చేసిన ఎక్స్‌పెరిమెంట్లు. డెండ్రిటిక్ సెల్స్ మీద డెక్-205 అని ఒక రిసెప్టర్ (సెల్ పైనుండే కొక్కెం లాంటిది) ఉంటది, దానికి అతుక్కునే యాంటీబాడీకి యాంటిజెన్‌ని, అంటే ఒళ్ళు గుర్తుపట్టాల్సిన పదార్థాన్ని, తగిలించి పంపారు. సరిగ్గా కావాల్సిన సెల్‌కే చేరింది, డోస్ కూడా చాలా తక్కువ. ఇంకేం, ఇమ్యూనిటీ దంచి కొట్టాలి కదా? ఉల్టా అయింది. టీ సెల్స్ కొన్నాళ్ళు పెరిగి మాయమైపోయాయి, ఒళ్ళు ఆ యాంటిజెన్‌ని మనదే అనుకుని వదిలేసింది. అదే మందుకి సీడీ40 అనే స్విచ్‌ని నొక్కే ఇంకో యాంటీబాడీ కలిపి ఇస్తే అప్పుడు గట్టి ఇమ్యూనిటీ వచ్చింది. అంటే సరైన సెల్‌కి చేర్చడం సగం పనే, ప్రమాదం ఉందని ఆ సెల్‌కి చెప్పకపోతే వ్యాక్సిన్ రివర్స్‌లో పనిచేస్తది. టార్గెటెడ్ అన్న మాట వినగానే మురిసిపోయేవాళ్ళు ఈ భాగం స్కిప్ చేస్తరు.

ప్రమాదం ఉందని చెప్పే ఆ వస్తువు నిజానికి పాతదే, దాన్నే అడ్జువెంట్ అంటరు. 1926లో గ్లెన్నీ అనే బ్రిటిష్ సైంటిస్ట్ డిఫ్తీరియా మందుకి పటిక జాతి అల్యూమినియం ఉప్పు కలిపితే బాగా పనిచేస్తోందని కనుక్కున్నడు, ఎందుకో తెలియదు, అయినా దశాబ్దాల పాటు అదే వాడుతూ వచ్చారు. 1989లో చార్ల్స్ జేన్‌వే అనే ఆయన ఇది మన ఇమ్యునాలజీ వాళ్ళ గుట్టు, అడ్జువెంట్ లేకపోతే ఏదీ పనిచేయదని మనమెవరం బయటికి చెప్పం అని సభలోనే అనేసిండు. ఆ తర్వాతే టోల్ రిసెప్టర్లు బయటపడ్డాయి, క్రిముల గుర్తులు చూసి సెల్‌ని లేపేవి.

ఇక్కడే హైదరాబాద్ సీన్‌లోకి వస్తది. భారత్ బయోటెక్ కోవాక్సిన్ అనగానే అందరికీ చంపేసిన వైరస్ ఒక్కటే గుర్తొస్తది, 2021 జనవరి 3న ఫేజ్ 3 ఫలితాలు రాకముందే పర్మిషన్ ఇచ్చారన్న గొడవ గుర్తొస్తది (ఆ గొడవలో న్యాయం ఉంది అని ఇప్పటికీ నా అభిప్రాయం), కానీ అందులో కలిపిన అడ్జువెంట్ గురించి మాట్లాడినవాళ్ళు తక్కువ. అమెరికాలో కాన్సస్‌లోని ఒక చిన్న కంపెనీ కనుక్కున్న అణువు అది, టోల్ 7, 8 రిసెప్టర్లని తట్టి లేపేది, దాన్ని అల్యూమినియం జెల్‌కి అంటించారు. ఎందుకు అంటించారంటే ఊరికే వదిలితే రక్తంలో కలిసి ఒళ్ళంతా తిరిగి జ్వరాలు తెప్పిస్తది, అంటుకుని ఉంటే లింఫ్ నోడ్ దాకా పోయి అక్కడే పనిచేస్తది. బయోలాజికల్ ఇ వాళ్ళ కార్బెవాక్స్‌లో కూడా ఇదే టైపు ఆలోచన, సీపీజీ అనే డీఎన్ఏ ముక్క, టోల్ 9 కోసం.

యాంటీబాడీస్ తయారుచేసే బీ సెల్స్ కథ ఇంకా సరదాగా ఉంటది, కోళ్ళతో మొదలైంది కాబట్టి. 1950లలో ఒహాయోలో బ్రూస్ గ్లిక్ అనే స్టూడెంట్ కోడిపిల్లల తోక దగ్గరుండే బర్సా అనే సంచిని తీసేస్తే ఏమవుతదో చూస్తున్నడు, తోటి స్టూడెంట్ క్లాస్‌లో డెమోకి ఆ కోళ్ళనే తీసుకెళ్ళి ఇంజెక్షన్ ఇస్తే యాంటీబాడీస్ రానేలేదు. పెద్ద జర్నల్ తిప్పి పంపితే 1956లో కోళ్ళ పత్రికలో వేసుకున్నారు. మన దగ్గర కోళ్ళ ఫారాల వాళ్ళకి ఈ బర్సా గురించి డాక్టర్ల కంటే బాగా తెలుసు, గుంబోరో అనే కోళ్ళ జబ్బు వచ్చిందంటే అది దెబ్బకొట్టేది దాన్నే, ఆ తర్వాత కొక్కెర తెగులు టీకా ఎంత వేసినా సరిగ్గా పట్టదు, అందుకే రెండో వారంలోనే నీళ్ళలో కలిపి గుంబోరో వ్యాక్సిన్ ఇచ్చేస్తరు.

బీ సెల్ ఒక్కటే సరిపోదు, టీ సెల్ సాయం కావాలి. టైఫాయిడ్ పాత టీకాలో ఉండేది బ్యాక్టీరియా పైనుండే చక్కెర పొర మాత్రమే, టీ సెల్స్ దాన్ని గుర్తుపట్టవు, అందుకే రెండేళ్ళ లోపు పిల్లలకి పనికిరాదు, పెద్దలకి కూడా మూడేళ్ళకోసారి మళ్ళీ వేయాలి. ఆ చక్కెరకి టెటనస్ ప్రోటీన్‌ని అతికిస్తే, చక్కెరని పట్టుకున్న బీ సెల్ ప్రోటీన్‌ని కూడా మింగి టీ సెల్‌కి చూపిస్తది, సాయం దొరుకుతది. ఈ కిటుకు 1929లోనే ఏవరీ, గేబెల్ కుందేళ్ళలో చూపించారు, ఈ కిటుకుతో మనుషులకి మొదటి వ్యాక్సిన్ వచ్చేసరికి 1987. భారత్ బయోటెక్ టైప్‌బార్ టీసీవీ ఇదే, 6 నెలల పిల్లల నుంచి వేయొచ్చు, 2017 డిసెంబర్‌లో డబ్ల్యూహెచ్ఓ ఆమోదం వచ్చింది. జీనోమ్ వ్యాలీ ప్రపంచానికి చేసిన మేలు లెక్కేస్తే నేను కోవాక్సిన్ కంటే దీన్ని ముందు పెడతా.

హెచ్ఐవీ దగ్గర మాత్రం ఈ విద్య చాలా దెబ్బలు తిన్నది. వైరస్ సోకిన సెల్స్‌ని చంపే టీ సెల్స్‌ని లేపుదామని అడినోవైరస్‌తో (జలుబు తెప్పించే రకం వైరస్) చేసిన స్టెప్ అనే ట్రయల్‌ని 2007 సెప్టెంబర్‌లో ఆపేశారు, రక్షణ లేకపోగా కొందరిలో ఇన్‌ఫెక్షన్లు ఎక్కువ కనపడ్డాయి. తర్వాత రూటు మార్చారు. మంచి యాంటీబాడీ చేయగల బీ సెల్ మనిషిలో లక్షల్లో ఒకటి ఉంటది, ముందు దాన్నే వెతికి లేపే ప్రోటీన్‌ని డిజైన్ చేశారు. మొదటి ట్రయల్‌లో వ్యాక్సిన్ తీసుకున్న 36 మందిలో 35 మందికి ఆ సెల్స్ లేచాయి, 2022లో రిజల్ట్ వచ్చింది. అది మొదటి మెట్టే, ఆ సెల్స్‌ని దారిలో పెట్టడానికి తర్వాత వేరే వేరే డోసులు వరసగా కావాలి.

ఇక డబ్బు సంగతి. 2010లో అమెరికాలో ప్రొవెంజ్ అనే ప్రోస్టేట్ క్యాన్సర్ వ్యాక్సిన్‌కి అనుమతి వచ్చింది, పేషెంట్ రక్తం లోంచి సెల్స్ తీసి బయట ట్రెయినింగ్ ఇచ్చి మళ్ళీ ఎక్కించాలి, కోర్సు మొత్తం 93,000 డాలర్లు, తయారుచేసిన కంపెనీ 2014లో దివాలా తీసింది. శాంతా బయోటెక్ 1997లో హెపటైటిస్ బీ టీకా తెచ్చి రేటు నేలకి దించిన ఊరు మనది, ఒక్కో మనిషికి ఒక్కో వ్యాక్సిన్ అనే బిజినెస్ ఇక్కడి ఫ్యాక్టరీలకి అలవాటు లేని పని. అందుకే నా చూపంతా 2022లో డబ్ల్యూహెచ్ఓ బయోలాజికల్ ఇని ఎంఆర్ఎన్ఏ టెక్నాలజీ అందుకోవడానికి ఎంపిక చేసింది కదా, దాని మీదే. ఎంఆర్ఎన్ఏని మోసే కొవ్వు బుడగలు రక్తంలోకి ఎక్కిస్తే ఎక్కువ భాగం లివర్‌కి పోతయి, వాటి మీద యాంటీబాడీలు తగిలించి టీ సెల్‌కో డెండ్రిటిక్ సెల్‌కో మళ్ళించే పని ల్యాబుల్లో నడుస్తోంది, అది గనక సీసాలో నింపి అందరికీ ఒకేలా అమ్మగలిగే సరుకు అయితే జీనోమ్ వ్యాలీకి చేతనైన పనే.