సురేకారం నుంచి రాగి దాకా: ధర చేతిలో లేని దేశం

రాగి, ముడిచమురు, కాఫీ లాంటి సరుకుల ధర పడిపోయినప్పుడు, వాటిని అమ్ముకుని బతికే దేశాల బడ్జెట్లు తలకిందులవుతాయి. వార్తల్లోకి ఎక్కేది అప్పుడే. కానీ పాత లెక్కలు తిరగేస్తే, అసలు తప్పులు చాలావరకు ధర బాగా ఉన్న రోజుల్లోనే జరిగాయి. దక్షిణ అమెరికా దేశం చిలీ చరిత్రే ఇందుకు మంచి ఉదాహరణ.

1879లో చిలీ ఒకవైపు, పెరూ, బొలీవియా మరోవైపు యుద్ధానికి దిగాయి. గొడవంతా అటకామా ఎడారిలోని సురేకారం (నైట్రేట్ ఖనిజం) గురించే. ఐరోపా పొలాలకు ఎరువు కావాలన్నా, పేలుడు పదార్థాలు తయారవ్వాలన్నా అదే దిక్కు. గెలిచిన చిలీ దాని ఎగుమతి మీద పన్ను వేసింది. ఒక దశలో సర్కారు ఆదాయంలో దాదాపు సగం ఆ పన్నే. అంత సులువుగా డబ్బు వస్తుంటే సొంత జనం మీద పన్ను వేసి తిట్లు తినడం ఎవరికి ఇష్టం? దేశంలోపలి పన్నులు తగ్గిపోయాయి.

దెబ్బ జర్మనీ నుంచి వచ్చింది. గాలిలోని నత్రజనితో అమ్మోనియా చేసే హేబర్-బాష్ పద్ధతిలో 1913లో ఒప్పావ్ ఫ్యాక్టరీ ఉత్పత్తి మొదలుపెట్టింది. ఆ అమ్మోనియా ఉంటే ఎరువుకూ, పేలుడు పదార్థాలకూ సురేకారం అక్కర్లేదు. మొదటి ప్రపంచ యుద్ధం గిరాకీతో సురేకారం ఇంకొన్నాళ్లు నెట్టుకొచ్చింది గానీ, 1929 మాంద్యం తర్వాత కోలుకోలేదు. ఆ మాంద్యంలో అందరికంటే ఎక్కువ దెబ్బతిన్న దేశం చిలీయేనని ఐక్యరాజ్య సమితికి ముందున్న నానాజాతి సమితి తేల్చింది. అప్పటి గని ఊరు హంబర్‌స్టోన్ ఇప్పుడు మనుషుల్లేని ఊరు. 2005లో యునెస్కో దాన్ని వారసత్వ స్థలంగా గుర్తించింది.

ముడిసరుకు అమ్మే దేశం అవే యంత్రాలు కొనడానికి కాలం గడిచేకొద్దీ ఇంకా ఎక్కువ సరుకు ఇచ్చుకోవాల్సి వస్తుందని 1950లో ఆర్థికవేత్తలు రౌల్ ప్రెబిష్, హాన్స్ సింగర్ విడివిడిగా వాదించారు. దీనిమీద ఇప్పటికీ తగువులున్నాయి. ధర పెరిగినా చిక్కే. ఎగుమతి డాలర్లు వెల్లువెత్తితే దేశపు కరెన్సీ విలువ పెరుగుతుంది, దాంతో మిగతా పరిశ్రమల సరుకు విదేశాల్లో ఖరీదై అమ్ముడుపోదు. నెదర్లాండ్స్‌లో గ్యాస్ దొరికాక జరిగిందిదే. అందుకే దీనికి 'డచ్ జబ్బు' అని పేరు పడింది.

సురేకారం పోయాక చిలీ రాగి మీద పడింది. ఈసారి మాత్రం 2001లో ఒక నియమం పెట్టుకుంది: ఖర్చుకు లెక్క ఈ రోజు ధర కాదు, నిపుణుల కమిటీ చెప్పే దీర్ఘకాలిక ధర. పైన వచ్చేది దాచాలి. చెప్పినంత తేలిక కాదది. 2006లో ఖజానా నిండుగా ఉండగానే మంచి చదువు కావాలంటూ విద్యార్థులు లక్షల్లో రోడ్డెక్కారు. 'డబ్బుండీ ఎందుకివ్వరు?' అన్న ప్రశ్నకు ఏ ఆర్థికమంత్రికైనా జవాబు చెప్పడం కష్టమే. 2008 జూలైలో పౌండు బరువుకు 4 డాలర్ల దగ్గరున్న రాగి డిసెంబరుకల్లా ఒకటిన్నర డాలరు కిందికి పడింది. 2009 జనవరిలో దాచిన డబ్బు అండతో చిలీ, చతికిలబడిన ఆర్థిక వ్యవస్థను నిలబెట్టేందుకు 400 కోట్ల డాలర్ల ఉద్దీపన ప్రకటించింది.

ఆ నియమానికీ ఒక లొసుగుంది. ధర చాలా ఏళ్లు పైనే ఉంటే నిపుణుల అంచనా కూడా దాని వెంటే నడుస్తుంది, దాంతో ఖర్చు పరిమితీ పెరుగుతుంది. 2000ల మొదట్లో డాలరు లోపున్న కమిటీ అంచనా, పదేళ్లు తిరిగేసరికి 3 డాలర్లు దాటింది.