సిటీకి బయల్దేరే ముందు: అపోహలు - వాస్తవాలు

పన్నెండేళ్లు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ పని చేశాను. ఇప్పుడు శ్రీకాకుళంలో ఉండి పలాస జీడిపప్పు వ్యాపారులకి లెక్కల సాఫ్ట్‌వేర్ తయారుచేస్తున్నాను. సొంతంగా ఏదైనా మొదలుపెడదామని హైదరాబాద్ బయల్దేరి, ఆమదాలవలసలో రైలెక్కే ముందు నన్ను కలిసే పిల్లలందరివీ దాదాపు ఒకే రకం భయాలు.

అపోహ: ఐడియా బయటికి చెబితే ఎవరో కొట్టేస్తారు.

ఈ భయంతోనే నేను రెండేళ్లు పోగొట్టుకున్నాను. అమీర్‌పేట హాస్టల్ గదిలో తలుపేసుకుని జీడిపప్పు లెక్కల ప్రోగ్రామ్ రాశాను. డబ్ల్యూ 240, డబ్ల్యూ 320, బద్ద, ముక్క... ఒక్కో గ్రేడుకి ఒక్కో స్క్రీన్. (డబ్ల్యూ 320 అంటే పౌనుకి, అంటే సుమారు 450 గ్రాములకి, 300 నుంచి 320 పలుకులు తూగే పప్పు.) తీరా పలాస తీసుకెళ్తే, అక్కడి గుమస్తా గారు పది నిమిషాలు చూసి, "బాబూ, బస్తాకి పప్పు ఎంత దిగిందో ఇందులో ఎక్కడుంది?" అన్నారు. ఎక్కడా లేదు. 80 కిలోల జీడిపిక్కల బస్తా కొట్టిస్తే పప్పు ఎంత దిగిందన్నదాని మీదే వాళ్ల లాభనష్టాలు. ఆ ప్రశ్న మొదటి నెలలోనే వినాల్సింది నేను.

ఉత్త ఐడియాకి కాపీరైట్ ఉండదు. మీరు రాసిన ప్రోగ్రామ్‌కి ఉంటుంది. మన దేశంలో ఉత్త కంప్యూటర్ ప్రోగ్రామ్‌కి పేటెంట్ రాదు. మీది నిజంగా కొత్త యంత్రమో పద్ధతో అయితే మాత్రం, నలుగురికీ చూపించకముందే పేటెంట్ కోసం ప్రొవిజనల్ (తాత్కాలిక) దరఖాస్తు పెట్టండి. వ్యక్తులకి ఆన్‌లైన్‌లో 1,600 రూపాయలు. పూర్తి దరఖాస్తుకి 12 నెలల గడువు దొరుకుతుంది. మిగతా ఏ ఐడియా అయినా వాడబోయేవాళ్లకి వెంటనే చూపించండి.

అపోహ: మన ఊరివాళ్లు సిటీ పోటీకి ఆగలేరు.

రాజాంలో పుట్టి, 1978లో జ్యూట్ మిల్లుతో మొదలుపెట్టిన గ్రంధి మల్లికార్జునరావు గారి జీఎంఆర్ సంస్థే శంషాబాద్ విమానాశ్రయం కట్టింది. 2000 సిడ్నీ ఒలింపిక్స్ వెయిట్‌లిఫ్టింగ్‌లో మొత్తం 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చిన కరణం మల్లీశ్వరి గారిది ఆమదాలవలస దగ్గరి ఊరు. ఇక నా సంగతి. కోడ్ రాయడంలో నాకన్నా గట్టివాళ్లు సిటీలో అడుగడుగునా ఉన్నారు. పిక్కల బస్తా సంగతి తెలిసినవాడు మాత్రం నా చుట్టుపక్కల ఒక్కడూ కనపడలేదు.

అపోహ: ఉద్యోగం మానేసి దూకితేనే కసి పుడుతుంది.

కసి సంగతేమో గానీ అద్దె టెన్షన్ మాత్రం పుడుతుంది. ఆ టెన్షన్‌లో ఏ పని వచ్చినా ఒప్పుకుంటాం, అసలు పని మూలపడుతుంది. నాకు అదే జరిగింది. ఒక కంపెనీకి మూడు నెలలు పనిచేసి పెడితే డబ్బు ఇవ్వలేదు. అప్పటికి నాకు ఏ రిజిస్ట్రేషనూ లేదు, గట్టిగా అడగడానికి ఆధారం లేకపోయింది. అందుకే చెబుతున్నాను: కనీసం పది నెలల హాస్టలు, తిండి ఖర్చు వేరే ఖాతాలో పెట్టుకున్నాకే ఉద్యోగం వదలండి. చిన్న సంస్థల కోసం ప్రభుత్వం పెట్టిన ఉద్యమ్ రిజిస్ట్రేషన్ చేయించుకోండి, దానికి ఒక్క రూపాయి కూడా కట్టక్కర్లేదు. చిన్న సంస్థలకి ఇవ్వాల్సిన డబ్బు, ఒప్పందంలో ఏం రాసుకున్నా, 45 రోజులు దాటకూడదని 2006 నాటి చట్టం చెబుతోంది. దాటితే రిజర్వ్ బ్యాంక్ ప్రకటించే బ్యాంక్ రేటుకి మూడింతల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీగా కట్టాలి.

అపోహ: వెనక్కి వచ్చేస్తే ఓడిపోయినట్టే.

నేను వచ్చేసినప్పుడు మా అమ్మ కూడా అలాగే అనుకుని కళ్లనీళ్లు పెట్టుకుంది. నా కొనుగోలుదారులు పలాసలో ఉంటే నేను హైదరాబాద్‌లో అద్దె కట్టడం ఎందుకు? సిటీలో నాకు కావలసింది నాలాంటి అవస్థే పడ్డ నలుగురు మనుషులు. ఎక్కడ తప్పుతున్నానో మొహమాటం లేకుండా చెప్పేవాళ్లు. వాళ్ల కోసం నెలకోసారి విశాఖ ఎక్స్‌ప్రెస్ ఎక్కి హైదరాబాద్ వెళ్తాను. ఈ వారమూ వెళ్తున్నాను. పప్పు తొక్క తీసే ఆడవాళ్లకి కిలోల లెక్కన ఇచ్చే కూలి తేడా రాకుండా కొత్త స్క్రీన్ ఒకటి చేశాను, ఆ నలుగురికీ చూపించాలి.