పద్దెనిమిది నిండిన మర్నాడు ఫోస్టర్ బిడ్డ ఎవరి లెక్క?

విజయవాడ జంక్షన్‌లో ఒంటరిగా దిగిన పిల్లాణ్ణి ఏం చేయాలో ఈ ఊరికి బాగా తెలుసు. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయాలి, సీడబ్ల్యూసీ (బాలల సంక్షేమ కమిటీ) ముందు హాజరుపరచాలి, హోమ్‌లో చేర్పించాలి. నవజీవన్ బాలభవన్ 1989 నుంచీ ఇక్కడ వీధి పిల్లల కోసం పనిచేస్తోంది. లోపలికి తెచ్చే దారి ఇలా అరిగి నున్నబడింది. బయటికి పంపే దారే సరిగా పడలేదు. అందులోనూ హోమ్ నుంచి కాక ఫోస్టర్ కుటుంబం (దత్తత తీసుకోకుండా బిడ్డను తమ ఇంట్లో ఉంచుకుని చూసుకునే కుటుంబం) నుంచి బయటికొచ్చే వాళ్లకు చట్టంలో చోటే సందేహం. ఎందుకో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

మన కోస్తా జిల్లాలకు మూలం 1920 నాటి మద్రాసు బాలల చట్టం. దాని చూపంతా పిల్లల్ని ఉంచే భవనాల మీదే. 1986లో దేశమంతటికీ ఒకే జువైనల్ జస్టిస్ చట్టం వచ్చినా ఆ చూపు మారలేదు. మగపిల్లలకు 16, ఆడపిల్లలకు 18 ఏళ్లతో బాల్యం ముగిసింది. 2000 చట్టం ఇద్దరికీ 18 చేసింది. పదిహేడు దాటినవాళ్లు ఇరవై వచ్చేదాకా ఆఫ్టర్ కేర్ (హోమ్ విడిచాక ఇచ్చే ఆసరా) సంస్థలో ఉండొచ్చంది. అంటే ఒక భవనం నుంచి మరో భవనానికి మారడం.

అదే చట్టంలో ఫోస్టర్ కేర్ మాట కూడా ఉంది. కానీ 42వ సెక్షన్ దాన్ని చెప్పింది దత్తత వెళ్లబోయే పసికందుల కోసం, చివరికి సొంత ఇంటికి తిరిగి వెళ్లే పిల్లల కోసం. దత్తత కుదిరేదాకానో సొంత ఇల్లు కుదుటపడేదాకానో ఒక ఇంట్లో ఉంచడం, అంతే. అలా వెళ్లిపోయే బిడ్డకు పద్దెనిమిదేళ్ల తర్వాత ఏమిటన్న ప్రశ్న ఎవరికి తడుతుంది?

2016 జనవరి 15న అమల్లోకి వచ్చిన 2015 చట్టం 44వ సెక్షన్‌తో ఎదిగిన పిల్లలకూ ఫోస్టర్ కేర్ తెరిచింది. ఆ ఏడే కేంద్రం మార్గదర్శకాలూ ఇచ్చింది. ఆఫ్టర్ కేర్ సంగతి మాత్రం పాత గాడిలోనే ఉండిపోయింది. నిర్వచనంలో ఉన్నది ‘సంస్థాగత సంరక్షణ’ విడిచిన 18–21 ఏళ్లవాళ్లు. 46వ సెక్షన్ కూడా సంస్థ విడిచే పిల్లల గురించే మాట్లాడుతుంది. పైగా ఆర్థిక సాయం ‘ఇవ్వవచ్చు’ అంటుంది, ‘ఇవ్వాలి’ అనదు. ఫోస్టర్ ఇల్లు సంస్థ కాదు కదా. 2016లో పదేళ్ల వయసుకు ఫోస్టర్ ఇంటికి వెళ్లిన బిడ్డకు 2024లో పద్దెనిమిది నిండాయి. అంటే ఈ చిక్కు కాగితం మీద నుంచి మనుషుల మీదికి వచ్చిందిప్పుడే.

ఈ చట్టం కింద వచ్చిన 2016 నమూనా నియమాలు హోమ్ విడిచినవాళ్లకు చాలానే చెప్పాయి: ఆరుగురి నుంచి ఎనిమిది మంది కలిసి ఉండే తాత్కాలిక వసతి, శిక్షణకాలంలో స్టైపెండ్, కౌన్సెలర్, తప్పనిసరైతే 23 ఏళ్లదాకా పొడిగింపు. 2022లో కేంద్ర పథకం మిషన్ వాత్సల్య ఆఫ్టర్ కేర్ కింద నెలకు 4,000 రూపాయలు ఖరారు చేసింది. ఆటోనగర్‌లో పని నేర్చుకునే కుర్రాడికి ఆ డబ్బులో హాస్టల్ బెడ్డూ తిండీ రెండూ గడవడం కష్టం. అయినా అది కూడా దొరకని వాడితో పోలిస్తే నయమే.

అందుకే ఫోస్టర్ పిల్లల విషయంలో పని పదిహేనో ఏటే మొదలుపెట్టాలి. పద్దెనిమిది దాటాక సీడబ్ల్యూసీ చేతిలో పెద్దగా ఏమీ మిగలదు. ఆఫ్టర్ కేర్ కావాలన్న అర్జీ, ఫారం 7లో ఉండే వ్యక్తిగత సంరక్షణ ప్రణాళికలో ఆ మాట, దానిపై కమిటీ లిఖితపూర్వక ఉత్తర్వు గడువులోపే ఉండాలి. నోటి హామీని డీసీపీయూ (జిల్లా బాలల పరిరక్షణ విభాగం) ఫైల్లో పెట్టలేం.

అసలు గడువు ఏ రోజన్నదే ఒక్కోసారి తకరారు. పుట్టినరోజు తెలియని పిల్లలకు జనవరి 1 వేసేయడం మామూలు. దాంతో మార్చిలో ఇంటర్ రెండో ఏడాది పరీక్షలుండగా జనవరిలోనే మేజరైపోతారు. చట్టంలోని 94వ సెక్షన్ ప్రకారం బడి ధ్రువపత్రం లేదా పదో తరగతి సర్టిఫికెట్‌కు మొదటి స్థానం, తర్వాత కార్పొరేషన్ లేదా పంచాయతీ ఇచ్చిన జనన ధ్రువపత్రం, ఏదీ లేకపోతేనే ఎముకల పరీక్ష. అది రెండేళ్లు అటూ ఇటూ చెప్పగలదు. కాబట్టి పదో తరగతి నామినల్ రోల్స్ (పరీక్ష రాసేవాళ్ల జాబితా) వెళ్లే ముందే పేరు, ఇంటిపేరు, పుట్టిన తేదీ ఆధార్‌తో అక్షరం అక్షరం సరిచూడాలి. పదిహేనేళ్లప్పుడు చేయాల్సిన ఆధార్ బయోమెట్రిక్ అప్‌డేట్ వదిలేస్తే వేలిముద్ర పడదు, బ్యాంకు పని ఆగుతుంది. మైనర్ ఖాతా కూడా పద్దెనిమిది నిండగానే కొత్త సంతకం, కొత్త కేవైసీ అడుగుతుంది. అప్పటిదాకా అందులో డబ్బున్నా చేతికి రాదు.

2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోవడంతో ఇంకో మెలిక చేరింది. పాత ఉత్తర్వు మీద కృష్ణా జిల్లా, ఇప్పటి చిరునామా ఎన్టీఆర్ జిల్లా. గుంటూరు బిడ్డ కాగితం పల్నాడుకో బాపట్లకో చెందొచ్చు. పాత ఫైలు ఎక్కడుందో ముందే కనుక్కుని ధ్రువీకరించిన నకలు తెచ్చుకోవాలి.

కుల ధ్రువపత్రం దగ్గరా ‘సంస్థలో ఉన్నాడా’ అన్న గోడే. రాష్ట్ర బీసీ-ఏ జాబితాలో అనాథ పిల్లలున్నారు. పదేళ్లలోపు తల్లిదండ్రుల్ని పోగొట్టుకుని, చూసేవాళ్లెవరూ లేక, ప్రభుత్వ లేదా ప్రభుత్వ గుర్తింపు ఉన్న బడిలోనో అనాథాశ్రమంలోనో చేరి ఉండాలన్నది షరతు. కొన్నాళ్లు హోమ్‌లో ఉండి ఫోస్టర్ ఇంటికి వెళ్లిన బిడ్డకు ఆ ప్రవేశ రిజిస్టరు నకలే ఆధారం. హోమ్ మూతపడకముందే, సూపరింటెండెంట్ బదిలీ కాకముందే అది తీసుకోవాలి. నేరుగా ఫోస్టర్ ఇంటికి వెళ్లిన బిడ్డకైతే ఏ బడిలో చేరిందన్న దాని మీదే అంతా ఆధారపడుతుంది. గుర్తింపు లేని ప్రైవేటు బడిలో వేసిన ఫోస్టర్ తల్లిదండ్రులకు ఈ సంగతి ముందుగా చెప్పేవాళ్లు తక్కువ.