వరి మునక: 2018లో జాబితా నుంచి జారిపోయిన నష్టం

వరి మునకను 2026 ఖరీఫ్ నుంచి ప్రధానమంత్రి ఫసల్ బీమాలో (పంటల బీమా పథకంలో) మళ్లీ స్థానిక విపత్తుగా లెక్కిస్తామని కేంద్రం 2025 నవంబరులో ప్రకటించింది. దాంతో ఒడిశా సరిహద్దులోని గజపతి, రాయగడ జిల్లాల తెలుగు రైతుల పాత తగాదా, మునిగిన చేలకు పరిహారం ఏదన్నది, తిరగబెట్టింది. 1999 సూపర్ సైక్లోన్ సంగతి అందరికీ తెలుసు. 2013లో గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన ఫైలిన్ తుఫాను సమయంలో లక్షలాది మందిని ముందే తరలించిన ఘనతా తెలుసు. చేలను తరలించలేరు కాబట్టి అసలు కథ 2018లో మొదలవుతుంది.

ఆ ఏడాది అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి గజపతి కొండల మీదికి సాగింది. అక్కడి బరఘర గ్రామంలో కొండచరియలు విరిగిపడి ప్రాణాలు పోయాయి. అందరి దృష్టీ, న్యాయంగానే, అటు మళ్లింది. అదే ఏడాది బీమా నిబంధనలను సవరించి, స్థానిక విపత్తుల నుంచి వరి మునకను తీసేశారు. మునిగిన చేలో నష్టం లెక్కగట్టడం కష్టమని, దుర్వినియోగం జరుగుతుందని కారణం చెప్పారు.

స్థానిక విపత్తు అంటే ఒక్కో రైతు చేను చూసి పరిహారం కట్టడం. అది పోతే మిగిలేది పంచాయతీ సగటు. వంశధార పొంగితే గుణుపూర్, కాశీనగర్ వైపు ఏటి ఒడ్డు పల్లపు మళ్లు మునుగుతాయి. అదే పంచాయతీలో మెరక చేలు పండుతాయి. పంటకోత ప్రయోగాల్లో (కొన్ని చేలలో కోసి తూచే లెక్కలో) తేలిన సగటు, బీమా హామీ ఇచ్చిన దిగుబడికి తగ్గకపోతే పల్లపు రైతుకు రూపాయి రాదు. వరి నీళ్లలో పెరిగేదే కదా అనేవారు అక్టోబరులో, పైరు ఈనే వేళ వచ్చి చూడాలి. పూత మీదున్న వెన్ను రోజుల తరబడి నీట నానితే గింజ పాలు పోసుకోదు, తాలే మిగులుతుంది. 2021 సెప్టెంబరులో కళింగపట్నం దగ్గర తీరం దాటిన గులాబ్ తుఫాను ఈ జిల్లాలను తడిపేసరికి ఆ నిబంధన లేదు.

ప్రభుత్వ సాయం ఉందిగా అంటారు. 33 శాతం నష్టం దాటితే విపత్తు నిధి నుంచి వానాధార పంటకు హెక్టారుకు 8,500, నీటి వసతి ఉంటే 17,000 రూపాయలు, అదీ రెండు హెక్టార్ల వరకే. పెట్టుబడిలో ఎంత తీరుతుందో సేద్యం చేసినవారికి చెప్పనక్కర్లేదు.

మునక తిరిగి వస్తోంది, సరే. నష్టం 72 గంటల్లోపు తెలియజేయాలి. తుఫాను మర్నాడు కరెంటు, ఫోను ఉండే ఊళ్లెన్ని? అంతకన్నా పెద్ద చిక్కు కౌలుది. 1960 నాటి ఒడిశా భూసంస్కరణల చట్టం కొన్ని మినహాయింపులు తప్ప కౌలునే ఒప్పుకోదు. అందుకే ఒప్పందాలు నోటిమాటగా సాగుతాయి. ఆంధ్రలో 2011లో, 2019లో కౌలుదారుల కోసం చట్టాలు వచ్చాయి. వాటి అమలులో లోపాలున్నా, అక్కడ అడగడానికి కౌలుదారుకు ఒక కార్డుంది. ఇటు ఒడిశా వైపు ఫసల్ బీమాలో కౌలు రైతు చేరాలన్నా భూమి యజమాని సంతకం పెట్టాలి. కౌలు లేదని చట్టం చెప్పేచోట ఆ సంతకం పెట్టడానికి చాలామంది యజమానులు జంకుతారు.