మార్సియానో ఇప్పుడు బరిలోకి దిగితే?

49 పోటీలు ఆడి ఒక్కటీ ఓడకుండా 1956లో రిటైరైన బాక్సింగ్ హెవీవెయిట్ ఛాంపియన్ రాకీ మార్సియానో తర్వాతి తరం వాళ్ల ముందు నిలిచేవాడా? 1969లో అమెరికాలో ఈ ప్రశ్నను కంప్యూటర్‌కే వేశారు. మార్సియానోని, మహమ్మద్ అలీని స్టూడియోకి పిలిచి రకరకాల ముగింపులతో పోరు చిత్రీకరించారు. 1970 జనవరిలో అమెరికా థియేటర్లలో చూపించిన పోటీలో 13వ రౌండ్‌లో మార్సియానో గెలిచాడు. కానీ ఆ కంప్యూటర్‌కి మనుషులిచ్చిన మార్కులే ఆధారం. అంతకంటే శరీరాల కొలతలు చూడటం మేలు.

మార్సియానో ఎత్తు 178 సెంటీమీటర్లు. రెండు చేతులూ బారజాపితే సుమారు 68 అంగుళాలు. మన కాలపు బ్రిటిష్ హెవీవెయిట్ బాక్సర్ టైసన్ ఫ్యూరీ ఎత్తు 206 సెంటీమీటర్లు, చేతుల చాపు 85 అంగుళాలు. తేడాని రెండు చేతులకీ పంచితే ఒక్కో వైపు ఎనిమిది అంగుళాల పైమాటే. అంటే మార్సియానో గుద్దు తగిలే దూరానికి చేరేలోపు, ప్రతిసారీ ఆ మేర ఫ్యూరీ ఎడమ చేతి దెబ్బలు తింటూ నడవాలి. ట్రైనర్ చార్లీ గోల్డ్‌మన్ ఆయనకి బాగా వంగి లోపలికి దూరడం నేర్పింది ఈ పొట్టితనం వల్లే. అయితే ఫ్యూరీ దగ్గర ఆ వంగడమే ప్రమాదం. దగ్గరకొచ్చిన వాణ్ణి పట్టుకుని, 120 కిలోల ఒళ్లంతా వాడి మెడ మీద వాల్చేస్తాడు. 84 కిలోల మనిషి అలా ఎన్నిసార్లు మోయగలడు?

బరువు ఎక్కువైతే అన్నీ లాభాలే అనుకోకూడదు. కండరం బలం దాని అడ్డుకోత వైశాల్యాన్ని బట్టి పెరుగుతుంది, బరువేమో ఘనపరిమాణాన్ని బట్టి. అందుకే ఒళ్లు పెరిగినంతగా బలం పెరగదు. ఒంట్లో పుట్టిన వేడి బయటికి పోవడమూ కష్టమే, భారీ మనిషి త్వరగా అలిసిపోతాడు. 2024 మేలో రియాద్‌లో ఉక్రెయిన్ బాక్సర్ ఒలెక్సాండర్ ఉసిక్ తనకంటే దాదాపు 18 కిలోలు ఎక్కువున్న ఫ్యూరీని ఓడించాడు. కాకపోతే ఉసిక్ చేతుల చాపు 78 అంగుళాలు. నా దృష్టిలో మార్సియానోకి అసలు అడ్డు బరువు కాదు, ఈ పది అంగుళాలే.

రౌండ్ల సంగతి మరీ ముఖ్యం. 1952 సెప్టెంబర్‌లో ఫిలడెల్ఫియాలో అప్పటి ఛాంపియన్ జెర్సీ జో వాల్కాట్ మొదటి రౌండ్‌లోనే మార్సియానోని కింద పడేశాడు. 12 రౌండ్లయ్యేసరికి రిఫరీ, ఇద్దరు జడ్జీల లెక్కల్లోనూ వాల్కాటే ముందున్నాడు. 13వ రౌండ్‌లో ఒక్క కుడిచేతి దెబ్బతో కథ మారిపోయింది. అప్పట్లో టైటిల్ పోటీ 15 రౌండ్లు. 1982లో బరిలో తిన్న దెబ్బలకి కొరియా బాక్సర్ కిమ్ డుక్ కూ మరణం తర్వాత అది 12కి తగ్గింది. ఇవాళ్టి నిబంధన ఆ రాత్రి ఉంటే బెల్టు వాల్కాట్ నడుముకే ఉండిపోయేది.

మార్సియానో రోజుల్లో 79 కిలోలు దాటిన ప్రతివాడూ హెవీవెయిటే. ఇప్పుడు 90.7 కిలోల లోపు వాళ్లకి క్రూయిజర్‌వెయిట్ అని వేరే విభాగం ఉంది. అందులో దిగితే బెల్టు ఆయనదే అని గట్టిగా నమ్ముతాను. ఫ్యూరీతో అయితే ఒకే దారి కనిపిస్తోంది: తల జోలికి పోకుండా చేతుల్ని కొట్టడం. 1953లో ప్రత్యర్థి రోలాండ్ లా స్టార్జాని మార్సియానో అలాగే మోచేతులు, భుజాల మీద బాది బాది, రక్షణకి చేతులు పైకి లేవకుండా చేశాడు.