డిస్కౌంట్ స్టోర్లు, గల్లీ కిరాణం: అపోహలు - వాస్తవాలు

హన్మకొండల మా నాయన పెట్టిన కిరాణం షాపే ఇప్పుడు నేను నడుపుతున్న. డీమార్ట్ లాంటి పెద్ద స్టోర్లు వచ్చినంక మా గురించి మస్తు మాటలు వినవడుతున్నయ్, కొందరు మేం దోచుకుంటున్నం అంటరు, ఇంకొందరు మీ పని అయిపోయింది అంటరు. రెండూ కరెక్ట్ కావు.

అపోహ: స్టోర్ల తక్కువకు ఇస్తున్నరంటే కిరాణపోళ్లు ఎక్కువ గుంజుతున్నట్టే.

వాస్తవం: సరుకు వచ్చే దారే వేరు. మాకు కంపెనీ నుంచి డీలర్, డీలర్ నుంచి షాపు, నడుమ ఎవరి మార్జిన్ వాళ్లది. 2002ల ముంబై పవాయ్‌ల మొదలైన డీమార్ట్ కంపెనీల దగ్గరే భారీగ కొంటది, పేమెంట్ తొందరగ ఇచ్చి రేటు ఇంకా తగ్గిచ్చుకుంటది, ఎక్కువ స్టోర్లకు బిల్డింగులు కూడ సొంతవే కాబట్టి కిరాయి భారం లేదు. మాకు సబ్బులు, పేస్టుల మీద నూటికి 8, 10 రూపాయలు మిగిలితే గొప్ప, నూనె ప్యాకెట్ల మీద 2, 3 కూడ కష్టమే. కొన్ని ఐటమ్స్ అయితే డీలర్ మాకిచ్చే రేటు కంటె అక్కడ అమ్మే రేటే తక్కువ, అందుకే చిన్న షాపులోళ్లు కూడ పోయి అక్కడ్నే తెచ్చుకుంటున్నరు. పెద్ద హోల్‌సేల్ కంపెనీలకు ఒక రేటు, మాకో రేటా అని 2021 ఆఖర్ల డిస్ట్రిబ్యూటర్ల సంఘం కంపెనీలను నిలదీసింది కూడ. ఇగ ఎమ్మార్పీ దాటి తీసుకునుడు మాత్రం చట్టం ప్రకారం తప్పే, కూలింగ్ చార్జీ అని రెండ్రూపాయలు ఎక్కువ అడిగితే గట్టిగ అడుగుండ్రి, నేను మీ దిక్కే.

అపోహ: గల్లీ షాపులు నడుస్తనే ఉన్నయ్ గదా, నష్టమేం కాలే.

వాస్తవం: అన్నిట్ల పెద్ద అపోహ ఇదే. జీతాలు పడ్డ వారం నెల సౌదా చిట్టి మొత్తం స్టోర్‌కు పోతది, బియ్యం, నూనె, పప్పులు, సర్ఫ్, అన్నీ నగదు. మా దగ్గరికి వచ్చేది షాంపూ ప్యాకెట్, పది రూపాయల పెరుగు, 20 తారీఖు దాటినంక ఉద్దెర. ఆ నగదు చిట్టిలతోనే మేం డీలర్‌కు కట్టి ఉద్దెర ఇచ్చేటోళ్లం, ఇప్పుడు నగదు పోయి ఉద్దెర మిగిలింది, డీలరేమో వారం తిరిగేసరికి పైసలు అడుగుతడు.

వరంగల్ ఎనుమాముల మిర్చి మార్కెట్ల హమాలీ పని చేసే ఒకాయన ఉద్దెర పేజీ నా ఖాతా బుక్కుల ఉన్నది. మిర్చి సీజన్ల పేజీ దాదాపు ఖాళీ, ఎప్పటిదప్పుడే ఇస్తరు. వానకాలం వచ్చిందంటె నిండుతది, పావుకిలో పప్పు, అర లీటర్ నూనె, చాయ్‌పత్తి, పిల్లల నోటుబుక్కులు. మళ్ల మిర్చి బస్తాలు దిగుడు షురూ అయితె కొట్టేస్తం. ఆ ఇంటికి డిస్కౌంట్ కంటె మేం పైసలకు ఆ నెలలు ఆగుడే ముఖ్యం. నగదు గిరాకి తగ్గేకొద్ది కొత్త పేజీ తెరవాలంటె చానామంది షాపులోళ్లు భయపడ్తున్నరు, దెబ్బ ముందు తగిలేది ఇట్లాంటి ఇండ్లకే.

అపోహ: పెద్ద ప్యాక్ ఎప్పుడూ చవకే.

వాస్తవం: ప్యాకెట్ మీద గ్రాముకు ఎంతనో వేస్తున్నరు, చూసి తీసుకోండ్రి. ఎక్కువసార్లు చవకే, ప్రతిసారి కాదు.

అపోహ: అమెరికాల డిస్కౌంట్ స్టోర్లతోని అయినట్టే ఇక్కడ కూడ అయితది.

వాస్తవం: అక్కడి డాలర్ జనరల్ అనే డిస్కౌంట్ కంపెనీకి 20 వేలకు పైగ స్టోర్లున్నయ్, చిన్నవి, పేదల బస్తీలల్ల, ఊర్లల్లకే వచ్చి కూసుంటయ్, ఎక్కువ ప్యాకెట్ సరుకే. తాజా కూరగాయలు అమ్మే షాపులు రాకుండ పోతున్నయని అక్కడి టల్సా అనే సిటీ 2018ల ఉత్తరం దిక్కు బస్తీలల్ల ఇట్లాంటి స్టోర్ల మధ్య మైలు దూరం ఉండాలని రూల్ పెట్టింది. మన దగ్గర స్టోర్ మెయిన్ రోడ్డు మీద పెద్దగ ఉంటది, జనం నెలకోసారి పోతరు, కూరగాయలకు రైతుబజార్ ఉంది, బండి ఇంటి ముందటికే వస్తది. దూరం రూల్ పెడితే మాకేం ఒరగదు, డీలర్ రేటు సరిచేస్తె ఒరుగుతది.

అపోహ: కిరాణపోళ్లు ఏం చేసినా ఫాయిదా లేదు.

వాస్తవం: సబ్బుల మీద స్టోర్‌తో పోటీ పెట్టుకుంటె లేదు, నిజమే. లూజ్ సరుకు మీద ఉన్నది. 2025ల జీఐ గుర్తింపు (ఈ ప్రాంతం ప్రత్యేక సరుకు అని ఇచ్చేది) వచ్చిన మన చపాటా మిర్చి ఎండపెట్టి కారం పట్టిచ్చి ఇస్తె అడిగి మరీ తీసుకపోతున్నరు, ఏరిన కందిపప్పు కూడ అంతే. పక్క గల్లీలోళ్లం నలుగురం కలిసి బీటుబజార్ హోల్‌సేల్ షాపులల్ల ఒక్కటే బిల్లు మీద పప్పులు ఎత్తుతున్నం, కిలోకు రేటు తగ్గింది, ఆటో కిరాయి పంచుకుంటున్నం, వాట్సాప్‌ల చిట్టి పెట్టినోళ్లకు పొద్దుగూకక ముందే సరుకు ఇంటికి చేరుతున్నది.